నేలరేకు మీద అరచేతులు

మా షెడ్డు ఒకప్పుడు బంగాళాదుంపల గోదాము. నార్ఫోక్ పల్లపు నేలల్లో, డౌన్‌హమ్ పట్నానికి ఆరు మైళ్ళ దూరంలో ఉంటుంది. ముందు ఒక రోడ్డు, రోడ్డు పక్కన కాలువ, ఆ వెనక కనుచూపుమేర నల్లటి చేలు. అంతకుమించి అక్కడేమీ లేదు. నవంబరు వచ్చిందంటే చక్కెర ఫ్యాక్టరీ పొగ నేలమీదికి దిగి, ఉడికిన చక్కెర దుంపల వాసన ఒంటిమీది బట్టలకి కూడా పట్టేస్తుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మాకు అలవాటే.

ఇరవై రెండేళ్ళపాటు నేను అక్కడ చేసింది ఒకటే పని. పందేలకి వెళ్ళే చిన్న కార్లు, ఇంటి వెనక సొంతంగా కట్టుకున్న కార్లు ఉంటాయి కదా, బరువు తగ్గించడానికి వాటి లోపల రంగూ తివాచీ ఏమీ లేకుండా ఉత్త అల్యూమినియం రేకే వదిలేస్తారు. నేలరేకు, తలుపు గుమ్మాలు, డ్యాష్‌బోర్డు అన్నీ అదే. దాన్ని కడిగి మెరుగుపెట్టడం నా పని. "బెరిల్ లార్టర్ చెయ్యి పడ్డ రేకులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు" అనేవాళ్ళు మావైపు మగవాళ్ళు. నాకు అదో గొప్ప.

అల్యూమినియం తుప్పు పట్టదు కాబట్టి మొండిదనుకుంటారు అందరూ. నిజానికి దానంతగా మనసులో పెట్టుకునే లోహం ఇంకొకటి లేదు. చెమట చెయ్యి ఆనించి తుడవకుండా వదిలేస్తే ఆ ఉప్పు రేకుని మెల్లగా తినేస్తుంది. నెలలు గడిచాక కూడా, పైన మురికి కడిగేసరికి ఆ చెయ్యి మళ్ళీ తేలుతుంది.

1989 నవంబరులో ఒక మంగళవారం నాడు క్లైవ్ తన కారుని ట్రైలర్ మీద వేసుకుని వచ్చాడు. క్లైవ్ థర్టిల్ మా చెల్లెలు నోరీన్ భర్త. ఆ కారు అతను మూడేళ్ళు కష్టపడి కట్టుకున్నది. ఏడాది కిందట నోరీన్ ప్రాణం పోయింది కూడా అందులోనే.

"ఇంకా బతికే ఉన్నావా బెరిల్?" అన్నాడు తాళ్ళు విప్పుతూ. అతని పలకరింపే అంత. ఎక్కడికెళ్ళినా నలుగురిని నవ్విస్తాడు. ఊళ్ళో అతనంటే ఇష్టం లేనివాళ్ళు లేరు.

"నీ దయవల్ల" అన్నాను.

"శనివారం హాలండ్ నుంచి ఒకాయన వస్తున్నాడు, కారు కొనుక్కోవడానికి. ఇంజను నేనే విప్పి బాగుచేశాను. సీట్లు కూడా తీసేశాను. లోపల మాత్రం... నావల్ల కాలేదు బెరిల్. చెయ్యి పెట్టలేకపోతున్నాను. ఎల్లుండి సాయంత్రానికి చేసిపెడతావా?"

"డౌన్‌హమ్‌లో ఇంకెవరికైనా ఇవ్వకపోయావా?"

"ఎవరికిస్తాను? ఇనప పీచు పెట్టి గోకి పారేస్తారు." కళ్ళు దించుకున్నాడు. "అయినా, పరాయి చేతులు పడటం నోరీన్‌కి ఇష్టముండదు."

ఆ మాటకి నేను కరిగిపోయాను. కారు లోపలికి తోయించుకుని, అతనికి టీ కాచి ఇచ్చి పంపాను.

ప్రమాదం గురించి మాకు తెలిసిందల్లా అతను చెప్పిందే. స్నేహితుడి ఇంట్లో విందుకి వెళ్ళి తిరిగొస్తున్నారు. సాయంత్రం ఏడున్నర. పొగమంచు. దుంపల లారీలు రోడ్డంతా బురద చేసి పెట్టాయి. కారు జారి కాలువలో బోర్లా పడింది. కాలువ ఇరుకు, నోరీన్ వైపు తలుపు గట్టుకి నొక్కుకుపోయింది. క్లైవ్ తన వైపునుంచి ఎలాగో బయటపడి, మూడుసార్లు నీళ్ళలోకి మునిగి చూశాడట. అందలేదట. అరమైలు పరిగెత్తి ఫోన్ బూత్ నుంచి కబురు చేశాడు. ఫోన్ వచ్చింది ఎనిమిదికి పావుగంట తక్కువలో. మరణ విచారణలో ఇదంతా రాసుకున్నారు. విందు ఇచ్చిన స్నేహితుడు కూడా, వాళ్ళు ఏడింటికే బయల్దేరారని సాక్ష్యం చెప్పాడు.

"అత్తయ్యా, నీళ్ళు ఒక్కసారిగా నిండిపోయాయి. ఒక్క నిమిషం కూడా బాధపడలేదు" అని క్లైవ్ మా అమ్మ చేతులు పట్టుకుని చెప్పాడు. మా అమ్మ ఆ ఒక్క ముక్క పట్టుకునే ఏడాదంతా బతికింది. టీకి ఎవరొచ్చినా కప్పు చేతిలో పెట్టి మొదట ఆ మాటే చెప్పేది. "ఒక్క నిమిషం. అంతే. నిద్రలో పోయినట్టే పోయింది నా తల్లి."

బుధవారం మొత్తం ఎండిన కాలువ బురద వదిలించడానికే సరిపోయింది. గోరువెచ్చటి సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్, పాత బనీను గుడ్డలు. బురద కింద రేకు బూడిదరంగులో, మచ్చలు మచ్చలుగా ఉంది. అనుకున్నదే. గురువారం పొద్దున డ్యాష్‌బోర్డు, గుమ్మాలు మెరుగుపెట్టాను. రేకు మీద సన్నటి గీతలు ఒకే వాటంగా పోతుంటాయి. ఆ వాటంలోనే రుద్దాలి, గుండ్రంగా రుద్దితే పాడైపోతుంది. తెల్లటి పాలిష్ ముద్ద రాయగానే నల్లగా మారుతుంది. ఆ నలుపు తుడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచి. రేడియో పాడుతోంది. నా మనసు ఎక్కడో ఉంది.

పది దాటాక నేలరేకు మీదికి వచ్చాను. నోరీన్ కూర్చునే ఎడమవైపు.

అక్కడ అరచేతుల ముద్రలున్నాయి.

ముందు పట్టించుకోలేదు. కారు కట్టేటప్పుడు క్లైవ్ చేతులే పడి ఉంటాయి అనుకున్నాను. ముద్ద రాసి రుద్దేశాను. ఒకటి పోయింది. పక్కన ఇంకోటి. అదీ పోయింది. అలా ఏడో ఎనిమిదో తుడిచేశాక, ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

కుడిచెయ్యి. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కోపంతో, చూడకుండా వంటింటి తలుపు వేశాను. నోరీన్‌కి మూడేళ్ళు. ఆ వేలు మళ్ళీ ఎప్పుడూ తిన్నగా రాలేదు.

మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాను. కారులో నేల మీద ఎవరు చేతులు పెడతారు? కాళ్ళుండే చోటది. అందులోనూ అంత లోపలికి, పెడళ్ళ వరసకి, వేళ్ళు విప్పి, బలంగా అదిమి...

అప్పుడు తట్టింది. కారు బోర్లా పడింది.

బోర్లా పడ్డ కారులో నేలరేకు పైకప్పు అవుతుంది. నీళ్ళు కిందనుంచి నిండుతాయి. గాలి పైకి పోయి, ఆ రేకు కింద, జానెడు మేర నిలబడిపోతుంది. మొహం ఆ జానెడులో పెట్టుకుని, రెండు చేతులతో రేకుని పైకి తోస్తూ...

ఒక్క నిమిషంలో పోయిన మనిషికి ఇన్ని చేతులెందుకు?

రేడియో కట్టేశాను. చేతిలో నల్లగుడ్డ. ఎనిమిది ముద్రలు అప్పటికే దాంట్లో కలిసిపోయాయి.

మధ్యాహ్నం నేనేమీ తినలేదు. కానిస్టేబుల్ మేస్‌కి ఫోన్ చేద్దామని రెండుసార్లు ఇంట్లోకి వెళ్ళాను. ఏమని చెప్పను? రెండుసార్లూ ఊరికే తిరిగొచ్చాను. మూడింటికి పొగమంచు దిగింది. ముందు చేలు పోయాయి, తర్వాత కాలువ పోయింది, చివరికి షెడ్డు వాకిలి ముందు రోడ్డు కూడా పోయింది. దీపం వేసుకుని మిగిలిన ముద్రలు కాగితం మీద గీసుకుందామని కారు పక్కన కూర్చున్నాను.

ఫ్యాక్టరీవైపు వెళ్ళే దుంపల లారీ ఒకటి దూరంగా వస్తున్న చప్పుడు వినపడింది. ఆ కాలంలో పది నిమిషాలకొకటి పోతూనే ఉంటుంది. నేల సన్నగా అదిరింది. దానితోపాటే కారు లోపలినుంచి ఒక చప్పుడు.

టక్. టక్. టక్.

లారీ అదురుకి ఏదో రివెట్ వదులై కొట్టుకుంటోంది అనుకున్నాను. లారీ షెడ్డు ముందుకొచ్చింది. టక్‌టక్‌టక్‌టక్. దాటిపోయింది. టక్... టక్. ఆగిపోయింది.

నేలరేకు మీద రివెట్లన్నీ వేలితో నొక్కి చూశాను. ఒక్కటీ కదల్లేదు.

పది నిమిషాల తర్వాత ఇంకో లారీ. ఈసారి చెయ్యి రేకు మీదే ఉంచాను. లారీ ఇంకా మైలు దూరంలో ఉండగానే మొదలైంది. రేకు కిందనుంచి. సరిగ్గా నా అరచెయ్యి కింద. గట్టిగా ఉన్న చిన్న వస్తువేదో పట్టుకుని కొడుతున్నట్టు. లారీ దగ్గరయ్యేకొద్దీ వేగం. ముందుకొచ్చేసరికి ఆగకుండా, దమ్ము తీసుకోకుండా. లారీ దాటిపోగానే ఒక్కటి. కాసేపాగి ఇంకొక్కటి. పోతున్న బండి వెనక పరిగెత్తి, అందక, నిలబడిపోయిన మనిషి అడుగుల్లా.

చెయ్యి లాక్కున్నాను. వంగి కారు కిందికి చూశాను. సిమెంటు నేల. నా సబ్బునీళ్ళ బకెట్టు. అంతే.

దీపం దగ్గరికి జరిపి రేకుని ఏటవాలుగా చూశాను. అప్పుడు కనపడ్డాయి. ముద్రల మధ్య సన్నటి గుంటలు, గోటి కొనంత. గుంపులు గుంపులుగా. లెక్కపెట్టాను. పదకొండు గుంపులు. ఉంగరంతో కొడితే పడే గుంటలు.

పైన రోడ్డు మీద లారీ చప్పుడు వినపడినప్పుడల్లా కొట్టింది నా చెల్లెలు. ఎవరైనా వింటారని. పదకొండు లారీలు. దుంపల లారీలు సాయంత్రం ఆరింటితో ఆగిపోతాయి, ఆ తర్వాత ఫ్యాక్టరీ గేటు మూసేస్తారు. మావైపు పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. ఏడున్నరకి పడ్డ కారు మీదుగా లారీలెలా పోతాయి?

పది నిమిషాలకొకటి చొప్పున పదకొండు లారీలంటే, కారు నాలుగింటికే పడి ఉండాలి. విందు ఇచ్చిన స్నేహితుడు చెప్పిందీ అబద్ధమే. క్లైవ్ ఫోన్ చేసింది ఎనిమిదికి పావుగంట తక్కువలో.

మూడో లారీ వచ్చింది. కొట్టింది. పోయింది.

నేనెందుకు చేశానో నాకిప్పటికీ తెలియదు. ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు. వంగి, వేలి కణుపుతో నేలరేకు మీద నేనూ కొట్టాను. మెల్లగా. మూడుసార్లు.

ఏమీ లేదు.

పొగమంచు షెడ్డు లోపలికి వస్తోంది. దానితో ఒక వాసన. దుంపల వాసన కాదు. నాచు, నల్లబురద, చల్లటి నీళ్ళు...

టక్... అంది రేకు. చాలా మెల్లగా. నమ్మలేనట్టు.

తర్వాత విరుచుకుపడింది. రేకంతా ఒక్కసారి. ఎడమవైపు, కుడివైపు, పెడళ్ళ కింద, గుమ్మాల కింద... ఉంగరంతో, పిడికిళ్ళతో, అరచేతులతో. కారు మొత్తం ఊగిపోతోంది. ఎవరో విన్నారు. ఎవరో బదులిచ్చారు. ఇక వదిలేది లేదు. నేను మెరుగుపెట్టిన చోట, అద్దంలా ఉన్న చోట, లోపలినుంచి ఆవిరి పట్టినట్టు ఒక అరచెయ్యి తేలింది. పక్కన ఇంకోటి. పొద్దున నేను తుడిచేసినవన్నీ...

చప్పుళ్ళ మధ్య, రేకు అవతలినుంచి, గొంతు.

"బెర్...?"

నన్ను అలా పిలిచేది ఒక్కతే.

"బెర్, నువ్వేనా...?"

నేను బదులు చెప్పలేదు. ఇది చదివేవాళ్ళెవరైనా నన్ను క్షమించినా నేను క్షమించుకోలేను. లేచి, గోడకి తగిలించిన మెరుగుపెట్టే మిషన్ తీసి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వేశాను. అది మొదలుపెడితే షెడ్డులో ఇంకేమీ వినపడదు. ఏడుస్తూ, పళ్ళు బిగించి, ఆ చేతుల మీద పెట్టాను. ముద్రలు పోయాయి. మళ్ళీ తేలాయి. మళ్ళీ రుద్దాను. కాగితం మీద గీసుకుందామనుకున్నవి కూడా రుద్దేశాను. గుంటల మీద రుద్దాను. ఎంతసేపో తెలీదు. వినపడకుండా ఉంటే చాలనుకున్నాను.

మిషన్ ఆపేసరికి అయిదున్నర. నేలరేకు ఈ చివర నుంచి ఆ చివర వరకూ తెల్లగా మెరుస్తోంది. ఒక్క చెయ్యి లేదు. ఒక్క చప్పుడు లేదు. గుంటలు మాత్రం పూర్తిగా పోలేదు, అంచులు కరిగి, ఎందుకు పడ్డాయో చెప్పలేని చిన్న చిన్న నొక్కుల్లా మిగిలాయి.

వాకిట్లో క్లైవ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"అబ్బ! దేవుడి తోడు బెరిల్, నీ చేతులకి దండం పెట్టాలి" అన్నాడు లోపలికి తొంగిచూస్తూ. "కొత్త నాణెంలా ఉంది."

నేను మిషన్ కింద పెట్టాను.

"క్లైవ్, ఆ రోజు రోడ్డు మీద లారీలు ఎన్ని పోయాయి?"

"ఎన్నో పోయాయి. ఒక్కడు కూడా ఆపలే..."

ఆగిపోయాడు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అతని మొహంలో నవ్వు ఇంకా ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

"ఏడున్నరకి లారీలుండవు" అన్నాను.

"అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"ఎంతసేపు నిలబడ్డావు ఆ గట్టు మీద?"

అతను టోపీ తీసి, చేతిలో నలిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. మాట్లాడితే గుసగుసే వచ్చింది. "నేను తాగి ఉన్నాను బెరిల్. బాగా. ఆ స్థితిలో పోలీసుల ముందు నిలబడితే జైలే కదా. లారీలకి చెయ్యెత్తాను, పొగమంచులో ఎవడూ చూళ్ళేదు. రెండు మూడింటికి ఎత్తాను. ఆ తర్వాత... పోయిందనుకున్నాను. ఒట్టు. అప్పటికే పోయిందనుకున్నాను. పోయినదాని కోసం ఇంకెందుకని... మత్తు కాస్త దిగేవరకూ ఉందామని..."

"కొట్టింది. నీకు వినపడింది."

"ఇంజను చల్లారుతున్న చప్పుడనుకున్నాను."

"రెండు గంటలా?"

బయట పొగమంచులో లారీ వస్తోంది. ఆ రోజుకి అదే చివరిది కావచ్చు. నేను నేలరేకు వైపు చూశాను. అతనికీ అర్థమైంది కాబోలు, కారు వైపు తిరిగాడు.

టక్. టక్. టక్.

క్లైవ్ మొహంలో రక్తం చుక్క లేదు. అయినా భయపడ్డ మనిషిలా లేడు. ఏడాదిగా రోజూ వింటున్నదే మళ్ళీ విన్నట్టున్నాడు. లారీ దగ్గరైంది. చప్పుడు పరుగెత్తింది. దాటిపోయింది. ఒకటి... ఇంకొకటి... ఆగింది.

"నీకూ వినపడింది" అన్నాడు నెమ్మదిగా. అతని చూపు నేల మీద మిషన్ మీద పడింది, వేడికి ఇంకా పొగలు పోతున్న దాని మెత్త మీద పడింది, తళతళలాడే నేలరేకు మీద పడింది. పెదవి వంకర తిరిగింది. "నీకూ వినపడితే నువ్వేం చేశావు బెరిల్? మిషన్ వేశావు. అంతేగా? మరి నన్నంటావేం?"

నేను మిషన్ ప్లగ్గు ఊడబీకాను.

కారుని అతనొక్కడే ట్రైలర్ మీదికి తోసుకున్నాడు. నేను వాకిట్లో నిలబడి చూశాను, ఆపలేదు. అతని ఎర్రదీపాలు పొగమంచులో కలిసిపోయేవరకూ అక్కడే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే కానిస్టేబుల్ మేస్ దగ్గరికి వెళ్ళాను. మంచివాడు, మా నాన్నకి స్నేహితుడు. ఓపిగ్గా విన్నాడు. క్లైవ్ ఇంటికెళ్ళి కారు కూడా చూసొచ్చాడు.

"అమ్మాయ్, అక్కడేమీ లేదు" అన్నాడు. "కాలువ రాళ్ళు తగిలి నాలుగు నొక్కులు పడ్డాయి. చేతులన్నావు, ఏవీ చేతులు? నువ్వే రుద్దేశానంటున్నావాయె. లారీల సంగతి తనెప్పుడూ అనలేదంటున్నాడు. నన్నేం రాసుకోమంటావు?" నా భుజం తట్టాడు. "ఇంటికెళ్ళి పడుకో. మీ అమ్మకి మాత్రం ఈ మాటలు చెప్పకు."

చెప్పలేదు. శనివారం డచ్చాయన వచ్చి కారు తీసుకెళ్ళిపోయాడు. మా అమ్మ మరుసటి వసంతంలో పోయింది, ఒక్క నిమిషం మాట చెప్పుకుంటూనే పోయింది. క్లైవ్ శవపేటిక మోశాడు. అందరికన్నా ముందు నిలబడి మోశాడు. అతన్ని చూసి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆ పని మానేశాను. ఇప్పుడు డౌన్‌హమ్‌లో ఒక బేకరీలో రొట్టెలు అమ్ముతాను.

రెండేళ్ళు తిరక్కుండానే క్లైవ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయి పేరు జానిస్, లిన్ పట్నం నుంచి వచ్చింది, ముప్పై కూడా ఉండవు. నేను దూరంగానే ఉన్నాను. కానీ 1992 నవంబరులో ఒక మధ్యాహ్నం, బేకరీలో ఎవరూ లేని వేళ చూసి, ఆమే లోపలికొచ్చింది. బక్కచిక్కిపోయి ఉంది. కళ్ళకింద నల్లటి చారలు.

"బెరిల్ అంటే మీరేనా అండీ? మరకలు పోగొట్టడంలో మీ అంతవాళ్ళు లేరని విన్నాను."

"ఆ పని మానేశానమ్మా."

"రేకు మీద కాదండీ." వెనక్కి తిరిగి వాకిలి వైపు చూసింది. గొంతు తగ్గించింది. "ఒంటి మీద. బూడిదరంగుగా. పొద్దున్న లేచేసరికి ఉంటుంది. సబ్బుకి పోదు, దేనికీ పోదు. సాయంత్రానికి దానంతటదే పోయి, మళ్ళీ పొద్దున్న..."

నా చేతిలోని రొట్టెల బుట్ట కింద పెట్టేశాను. "క్లైవ్‌కా?"

"ఆయనకేం? ఆయన హాయిగా గురకపెట్టి నిద్రపోతారు. ఆయన ఒంటి మీద ఒక్క మచ్చ లేదు." తన కాళ్ళవైపు చూసుకుంది. "నాకు మాత్రమే."

మునిగిపోయే మనిషి దొరికినదేదో పట్టుకుంటుంది, అది ఎవరి కాలో చూసుకోదు. పాపం ఎవరిది, పట్టుకున్నది ఎవరిని. నోరీన్, నేనిక్కడున్నానే, నన్ను పట్టుకోవే అని లోలోపల అనుకున్నాను.

"చూపించు" అన్నాను.

జానిస్ కౌంటరు వెనక్కి వచ్చి, స్టూలు మీద కూర్చుని, మేజోడు కిందికి తీసింది. చీలమండ చుట్టూ వేళ్ళ గుర్తులు. ముందువైపు నాలుగు, వెనక బొటనవేలు. బూడిదరంగు, అంచులు నల్లగా, తడితడిగా. గట్టిగా పట్టుకున్న చెయ్యి.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, నా చెయ్యి దాని పక్కన పెట్టి చూశాను. మళ్ళీ చూశాను.

ఆ వేళ్ళు ఒక్కొక్కటీ పెన్సిలంత లావే. మొత్తం చెయ్యి నా అరచేతిలో సగం లేదు. మూడేళ్ళ పిల్ల చెయ్యి. చిటికెన వేలు తిన్నగానే ఉంది.

"ఎవరిదండీ ఇది?" అంది జానిస్ గుసగుసగా.

నాలుగేళ్ళ కిందట, ఆ కారులో, నోరీన్ కడుపుతో ఉండి ఉంటే ఆ బిడ్డకి ఇప్పుడు మూడేళ్ళు. నోరీన్‌కి పిల్లలు లేరు. నాకు తెలిసినంతవరకూ.